మొహమాటస్తులకు సాన్ డెనీ నగర దర్శిని

టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో పన్నెండేళ్ళు దాటితే అది పాత ఇల్లు. కొనడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ముక్కు విరుస్తారు. అలాంటి ఊళ్ళో కూర్చుని, వెయ్యేళ్ళకు పైగా రాజులను పాతిపెట్టిన ఒక ఫ్రెంచి ఊరికి నగర దర్శిని రాసే బాధ్యత నా నెత్తిన పడింది. ఆ ఊరు నేను చూడలేదు. చూడని ఊరికి దారి చెప్పడం మనవాళ్ళకు కొత్త కాదు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మా సబ్‌డివిజన్‌లోని, అంటే మా కాలనీలోని, నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి పిల్లల స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి పారిస్ వెళ్దామనుకున్నాం. ప్లానింగంతా ఒకాయన చేతిలో ఉండేది. అందరం అన్నయ్య అంటాం. ఆఫీసులో ప్రాజెక్ట్ మేనేజర్, పిక్నిక్‌లో కూడా ప్రాజెక్ట్ మేనేజరే. హోటల్ విషయంలో ఆయన పెట్టుకున్న షరతు ఒక్కటే, గదిలో స్టవ్ ఉండాలి. కిటికీలోంచి ఈఫిల్ టవర్ కనిపించకపోయినా ఫరవాలేదు గానీ కుక్కర్ కూత వినిపించాలి. మా అందరికీ సరిపడా అలాంటి గదులు పారిస్ లోపల దొరక్క, ఉత్తరాన దాన్ని ఆనుకుని ఉన్న సాన్ డెనీ అనే శివారు ఊళ్ళో దొరికాయి.

గ్రూపులో అడ్రస్ పెట్టగానే ప్రశ్నలు మొదలయ్యాయి. ఏరియా సేఫేనా? ఇండియన్ స్టోర్ ఎంత దూరం? బాత్రూంలో మగ్గు ఉంటుందా, మనమే తీసుకెళ్ళాలా? ఒకావిడ అలవాటు కొద్దీ అక్కడి స్కూళ్ళ రేటింగ్ అడిగింది. మేం అక్కడ ఉండేది నాలుగు రాత్రులు. అయినా ఎవరూ నవ్వలేదు, ఇద్దరు వెతికి చూశారు కూడా. చివరికి అన్నయ్య నాకు ఫోన్ చేసి, "మీరు తెలుగు సంఘం సావనీర్‌లో తెలుగు బాగా రాస్తారు కదా, ఆ ఊరి మీద ఒక గైడ్ రాసేయండి. సండే పాట్‌లక్‌లో చదువుదురుగాని, అందరి డౌట్సూ క్లియర్ అయిపోతాయి" అన్నాడు.

అప్పటికి నాన్న రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నాడు. ఆయనా మాతో పారిస్ వస్తున్నాడు. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఏటేటా పిల్లలకు ఫ్రెంచి విప్లవం చెప్పాడు, నాకూ చెప్పాడు. రాజుగారి తల తెగేదాకా వెనక బెంచీ కూడా నిద్రపోయేది కాదు.

నేను గైడ్ మొదలుపెట్టిన రోజు నాన్న నా భుజం మీదుగా హోటల్ అడ్రస్ చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ఇది రాజుల సమాధులున్న ఊరు కదమ్మా" అన్నాడు.

"అవును. చూస్తావా?"

"నాదేముంది. అందరూ ఎలా అంటే అలా."

మా ఇంట్లో ఈ మాటకు అర్థం చచ్చేంత చూడాలని ఉందని. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడే అర్థం చెప్పేది. "మీ నాన్న కాఫీ వద్దంటున్నారు, పాలు పొయ్యి మీద పెట్టు" అనేది. అమ్మ పోయాక ఆ పని నాకొచ్చింది. నాన్నకు డెబ్బై దాటి చాన్నాళ్ళయింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఈసారి చూడకపోతే ఆ సమాధులు ఇక చూడడు. అందుకే గైడ్‌లో మగ్గు సంగతి ఒక్క వాక్యంలో తేల్చేసి, మిగతా అంతా ఆ సమాధులున్న చర్చి గురించే రాశాను.

మా ప్లాన్‌లో ఖాళీ ఉన్నది చివరి రోజు పొద్దున ఒక్కటే. దాని మీద అన్నయ్య భార్య, మా వదిన, ఎప్పుడో కన్నేసింది. ఊరి బయట బ్రాండ్ సరుకు చవగ్గా అమ్మే పెద్ద ఔట్‌లెట్ మాల్ ఉందట. అట్లాంటిక్ దాటి వెళ్ళి, మా ఇంటి నుంచి పావుగంటలో దొరికే హ్యాండ్‌బ్యాగే కొనుక్కోవాలన్నది ఆవిడ కోరిక. తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే ఆ పాట్‌లక్ వాళ్ళింట్లోనే.

గుత్తొంకాయకీ పెరుగన్నానికీ మధ్య నేను లేచి చదివాను. పూర్వం పారిస్ కొండ మీద ఒక బిషప్ తల నరికితే, ఆయన తన తల తానే చేత్తో పట్టుకుని మైళ్ళ దూరం నడిచి వచ్చి ఇక్కడ ఒరిగిపోయాడని కథ. ఆ చోట చర్చి వెలిసింది. రాజులూ రాణులూ చచ్చాక ఆయన పక్కన చోటు కోసం పోటీ పడ్డారు. మా సబ్‌డివిజన్‌లో చెరువు పక్క ఇంటి స్థలాలకు కూడా అంత గిరాకీ లేదు. తర్వాత విప్లవం వచ్చింది. జనం సమాధులు తవ్వి, ఎముకలన్నీ బయట గోతుల్లో పారేశారు. ఆ మీదట మళ్ళీ రాజులే గద్దెనెక్కి, పూర్వీకులను తెచ్చి మర్యాదగా పెడదామని గోతులు తవ్విస్తే, ఏ ఎముక ఏ మహారాజుదో చెప్పగలిగినవాడు లేడు. అన్నిటినీ కలిపి నేలమాళిగలో ఒకే చోట పెట్టి, దాని ముందే నల్లరాతి పలకల మీద పేర్లు చెక్కించారు.

ఇక్కడికి వచ్చేసరికి చెంచాల చప్పుడు ఆగింది. నాకు ఆశ పుట్టింది. అప్పుడు వాస్తు చూడందే గ్యారేజీ తలుపు కూడా తెరవని ఒక పెద్దమనిషి చెయ్యెత్తాడు.

"మెయిన్ డోర్ ఎటండీ?"

"పడమర."

"మరి ఇంకేం నిలుస్తారు రాజులు?" అని ఆయన అప్పడం విరుచుకున్నాడు. విప్లవానికి ఇంత పొట్టి కారణం నాన్న పాఠంలో కూడా లేదు.

ఇంటికో ఓటు అన్నాడు అన్నయ్య. ఔట్‌లెట్‌కి వాళ్ళ ఇల్లూ, వాస్తు ఇల్లూ. చర్చికి మేమూ, హైస్కూల్లో వరల్డ్ హిస్టరీ చదివే పిల్ల ఉన్న నాలుగో కుటుంబమూ. ఆ పిల్లకు కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి పనికొస్తుందని వాళ్ళమ్మ లెక్క. ఏ లెక్కయితేనేం, రెండుకు రెండు. ఇంతకన్నా మంచి ముగింపు ఉండదనుకున్నాను, ఎందుకంటే అన్నయ్య నాన్న వైపు తిరిగాడు.

"అంకుల్, పెద్దవారు, మీరు చెప్పండి. మీరెలా అంటే అలా ఫైనల్ చేసేద్దాం."

సరిగ్గా అప్పుడే వదిన నాన్న విస్తట్లో రెండో బొబ్బట్టు వేసి దాని మీద నెయ్యి పోస్తోంది. నాన్న బొబ్బట్టు వైపు చూశాడు, వదిన వైపు చూశాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"ఆడపిల్లలు ముచ్చటపడుతున్నారు. షాపింగ్‌కే వెళ్దాం బాబూ" అన్నాడు.

అంకుల్ ఎంత ప్రాక్టికలో అని అందరూ మెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఒక్క నెయ్యి చుక్కకి ఫ్రెంచి రాజుల బూర్బన్ వంశమంతా కొట్టుకుపోయింది.

ఇంటికి కార్‌లో తిరిగొస్తుంటే ఆగలేక అడిగేశాను. "ఎందుకలా అన్నావు నాన్నా?"

"వాళ్ళింట్లో తింటూ, ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి వడ్డిస్తుంటే, తన మాట కాదని ఎలా అంటానమ్మా?"

"పోనీ, ఆ రోజు మనిద్దరం విడిగా వెళ్దాం."

"అందరితో కలిసి వెళ్ళి విడిగా పోతే ఏం బావుంటుంది? ఏమనుకుంటారు?"

ఈయనకు ఏదైనా ఇప్పించాలంటే, అది ఈయన వేరేవాళ్ళకు ఇస్తున్నట్టు ఉండాలి. అమ్మ అన్నేళ్ళూ కాపురం చేసిన కిటుకు అదేనని నాకు అప్పుడు తట్టింది. ఎర్ర లైటు దగ్గర కారాపి, గొంతు తగ్గించి అన్నాను.

"నిజానికి నాకే చూడాలని ఉంది నాన్నా. తెలియని ఊళ్ళో ఒక్కదాన్నే ఆ నేలమాళిగలోకి దిగాలంటే భయంగా ఉంది."

నాన్న సీట్లో నిటారుగా కూర్చున్నాడు. "మరి అక్కడే చెప్పొచ్చు కదా."

"అందరి ముందూ మొహమాటమేసింది."

"ఇంత మొహమాటమైతే ఎలా బతుకుతావమ్మా?" అన్నాడు నాన్న, నిజంగా దిగులుపడుతూ. "సరే, నీకోసం వస్తాలే. ఏం చేస్తాం."

అలా, చివరి రోజు పొద్దున అందరూ మాల్‌కి వెళ్ళారు, నాన్న నాకోసం త్యాగం చేశాడు. కర్ర పట్టుకుని నేలమాళిగ మెట్లు నాకన్నా ముందే దిగాడు. ఫ్రెంచి రాదు గానీ ఆ పేర్లన్నీ ఆయనకు తెలిసినవే. నల్లరాతి పలకల ముందు నిలబడి, క్లాసులో హాజరు పిలిచినట్టు, ఒక్కొక్కటే పైకి చదివాడు. ప్రతి పేరుకీ కాస్త ఆగాడు. వెనక ఉన్న టూరిస్టులు పక్కకి జరిగారు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఉంటే బావుండేది అనిపించింది.

ఫ్రిస్కో తిరిగొచ్చాక మళ్ళీ పాట్‌లక్ పెట్టుకుని ఫోటోలు చూసుకున్నాం. వదిన కొత్త హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని, "పాపం అంకుల్, కూతురి వల్ల షాపింగ్ మిస్ అయ్యారు" అంది.

"ఏం చేయనమ్మా, అమ్మాయి సరదాపడింది. కాదనలేకపోయాను" అన్నాడు నాన్న.

అందరూ నా వైపు కొంచెం నిష్ఠూరంగా చూశారు. "నాదే తప్పు" అన్నాను. అంత సంతోషంగా నేనెప్పుడూ తప్పు ఒప్పుకోలేదు.

ఇంటికొస్తుంటే మళ్ళీ అదే సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"చూడమ్మా, మళ్ళీ నీకెప్పుడైనా ఏ ఊరైనా చూడాలనిపిస్తే లోపల దాచుకోకు. నాతో చెప్పు. రోమ్ లాంటిదైనా సరే."

లైటు పచ్చగా మారింది. వెనక కారువాడు హారన్ కొట్టేదాకా నేను కదల్లేదు.

"నాన్నా, నాకు రోమ్ చూడాలని ఉంది. తోడొస్తావా?"

"ఏం చేస్తాం" అన్నాడు నాన్న. "రావాలి కదా మరి."