మామ్మ ఉమ్మేసిన జీడిపండు ఉండ

నా చిన్నప్పుడు మా నర్సీపట్నంలో ఎండలు ముదిరాయంటే ఊరి చివర తోటల నుంచి ఒక వాసన గాలిలో కలిసి మా వీధిదాకా వచ్చేది. అది జీడిపండ్లు కుళ్ళే వాసన. కొంచెం తియ్యగా, కొంచెం పులిసిన కల్లులా ఉండేది. పిక్కకి ధర ఉంది, పండుకి లేదు. అందుకని పిక్కను మెలిపెట్టి తీసేసుకుని, ఎర్రగా పచ్చగా నిగనిగలాడే ఆ పండును చెట్టు కిందే పారేసేవారు. మేకలు తిన్నన్ని తినేవి, మిగిలినవి ఈగల పాలు. మేం పిల్లలం ఉప్పు రాసుకుని తినేవాళ్ళం కానీ, రెండో పండుకల్లా గొంతు పట్టేసి దగ్గు వచ్చేది. రసం గౌను మీద పడిందా, ఆ మరక గౌను చిరిగిపోయేదాకా వదలదు. కాబట్టి మా అమ్మ లెక్కలో జీడిపండు తిండి కాదు, చాకిరీ.

అలాంటి పండు మీద పడింది మా పక్కింటి అక్క. వాళ్ళ నాన్నగారు హైస్కూలు మాస్టారు. అక్క విశాఖపట్నంలో హోమ్ సైన్స్ చదివేది. చదువు ఆఖరి ఏడాది ఎవరూ వాడని వస్తువుతో బలమైన తిండి ఒకటి తయారు చేసి చూపించాలట. సెలవులకి వచ్చిన అక్క బుట్టల కొద్దీ జీడిపండ్లు తెప్పించి, కోసి, పిండి, నీడలో ఆరబెట్టి, దంచి పొడి చేసింది. ఆ పొడిలో వేయించిన చోడిపిండి, అదే రాగిపిండి, నువ్వులు, బెల్లం కలిపి ఉండలు కట్టింది. నారింజలో ఉన్నదానికన్నా ఎక్కువ సి విటమిన్ ఈ పండులో ఉందని, మనం బంగారం మేకలకి వేస్తున్నామని వీధరుగు మీద కూర్చుని చెప్పేది. గొలుగొండ వైపు ఒక పల్లెలో బాల్వాడీ పిల్లలకి పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం కారడం ఆమె కళ్ళారా చూసిందట. ఆ పిల్లలకి పొద్దున్నే ఇచ్చే జావ బదులు ఈ ఉండ ఇప్పించాలన్నదే ఆమె పట్టుదల.

రోజూ సాయంత్రం మా వీధి పిల్లలందరికీ తలో ఉండ పెట్టి, "ఎలా ఉంది? నిజం చెప్పండర్రా" అని అడిగేది. మేమందరం "బాగుందక్కా" అనేవాళ్ళం. ఆ మాటకి మా అమ్మల తర్ఫీదు ఉంది. ఒకరింట్లో పెట్టినదానికి వంక పెట్టకూడదు. ఉప్పు ఎక్కువైనా, అడుగంటినా, తిని చెయ్యి కడుక్కుని బాగుందని లేవాలి. ఈ నీతి మా ఇంట్లో నాకు నూరిపోసినది మా మామ్మే, మా నాన్నగారి అమ్మ. నాతవరం దగ్గర పల్లెలో ఉండేది. వచ్చినప్పుడల్లా, ఎవరింటికైనా భోజనానికి వెళ్ళేముందు నా చెవి పట్టుకుని మరీ గుర్తుచేసేది. అందుచేత నేను ఆ ఉండను నవ్వు మొహంతో మింగి, ఇంటికి వచ్చి రెండు గ్లాసుల నీళ్ళు తాగేదాన్ని. తక్కిన పిల్లలు ఏం చేసేవారో నేను అడగలేదు. వాళ్ళూ నన్ను అడగలేదు.

అలా వీధంతా మెచ్చుకోగా మెచ్చుకోగా, అక్కకి ధైర్యం వచ్చింది. ఒక ఆదివారం విశాఖపట్నం నుంచి వాళ్ళ కాలేజీ మేడం వచ్చింది. ఆవిడ రుచి చూసి, పదిమందీ తినడం కళ్ళారా చూసి, సరేనంటే మర్నాటి నుంచే బాల్వాడీకి ఉండలు వెళ్తాయి. జావ ఆగిపోతుంది. వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిచి, అక్క వాళ్ళ వసారాలో చాపలు పరిచారు.

సరిగ్గా ఆ పొద్దున్నే బస్సు దిగింది మా మామ్మ. ముతక చీర, చంకలో మూట, నోట్లో అడ్డపొగ. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం మా వైపు పల్లెల్లో పెద్ద ఆడవాళ్ళకి మామూలే. కానీ పట్నంలో నా తోటి పిల్లల ముందు అది చూస్తే నాకు ఒళ్ళంతా చీదరగా ఉండేది. మామ్మను ఇంట్లోనే ఉంచమని అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని బతిమాలాను. అమ్మ వినేలోపే మామ్మ చుట్ట ఆర్పి చెవి వెనక దోపుకుని, మాకన్నా ముందే పక్కింటి గుమ్మం ఎక్కేసింది.

మేడం రుచి చూసి తలాడించింది. వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కరే "బాగుందండీ, పిల్లలు ఇష్టంగా తింటారు" అన్నారు. మా అమ్మ కూడా అంది. అక్క మొహం వెలిగిపోతోంది. ఆఖరున మామ్మ ఉండను నోట్లో వేసుకుని రెండుసార్లు నమిలింది. మొహం చిట్లించింది. అందరూ చూస్తుండగానే అరచేతిలోకి ఉమ్మేసింది.

"ఓలమ్మో, గొంతు పట్టేసినాది. ఏటిదమ్మా ఇది? సంటిబిడ్డలకి ఎలగ పెడతారు?" అంది. ఆ గొంతు వీధి చివరికి వినిపించేది.

నాకు తల కొట్టేసినట్టయింది. వసారా స్తంభం వెనక్కి జరిగి, ఆవిడెవరో నాకు తెలియనట్టు వీధి వైపు చూశాను. అమ్మ పళ్ళు కొరుకుతూ, "అత్తా, ఊరుకోండి" అంది. అప్పుడు ఎదురింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అడ్డపొగ కాల్చే నోటికి రుచేం తెలుస్తుందిలెండి" అంది. వసారా అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. మామూలుగా కూడా కాదు. అందరికన్నా కాస్త గట్టిగా నవ్వాను, నేను మీ అందరి వైపు మనిషినేనని తెలియాలి కదా!

మామ్మ ఒకసారి నా వైపు చూసి, అరచేతిలోని ముద్దను పెరట్లో పారేసి చెయ్యి కడుక్కుంది.

నవ్వనిది అక్క ఒక్కతే. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోప్పడుతుందేమో అనుకున్నాను. ఆమె చప్పున లోపలికి వెళ్ళి వంటింటి గుమ్మానికి అడ్డంగా ఒక పాతచీర కట్టి, రెండు మట్టి పిడతలూ దోసెడు చింతపిక్కలూ తెచ్చి లోపల పెట్టింది. "ఒక్కొక్కరే లోపలికి వెళ్ళండి. ఇది మళ్ళీ తినాలనిపిస్తే కుడివైపు పిడతలో పిక్క వెయ్యండి. ఇక చాలనిపిస్తే ఎడంవైపు దాంట్లో. ఎవరూ చూడరు, నేనూ చూడను" అంది. 

ఆడవాళ్ళు వెళ్ళారు, పిల్లలం వెళ్ళాం. చీర చాటున నిలబడి నేను నా పిక్కను పట్టుకుని కాసేపు ఆలోచించాను. అక్క మీద నాకు ప్రేమే. కానీ అక్కడ ఎవరూ లేరు. ఎడంవైపు పిడతలో పిక్క వేసి, ఏమీ ఎరగనట్టు బయటికి వచ్చేశాను.

అక్క రెండు పిడతల్నీ తెచ్చి మేడం ముందు బోర్లించింది. కుడివైపు పిడత నుంచి నాలుగైదు పిక్కలు జారాయి. ఎడంవైపు దాని నుంచి కుప్ప పడింది. చాప మీద పడ్డ ఆ చప్పుడు నాకింకా గుర్తుంది.  ఇంతసేపూ బాగుందన్న ఆడవాళ్ళు కాలి మట్టెలు చూసుకున్నారు. ఎదురింటావిడ పొయ్యి మీద పాలు ఉన్నాయని లేచి వెళ్ళిపోయింది. మేడం మాత్రం, "ఉండలు రేపు పంపడం లేదు" అని మెల్లిగా అంది. అక్క చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "ఇన్నాళ్ళూ బాగుందన్నారు కదర్రా" అని పిల్లల వైపు చూసింది. మాలో ఎవరికీ ఆమె మొహం చూసే మొహం లేకపోయింది.

మామ్మ వెళ్ళి అక్క పక్కన కూలబడింది. "ఏడవకమ్మా. నాను మొరటుదాన్ని, కాస్త మెల్లగా సెప్పాల్సింది" అంది.

నాకు అక్కసు ఆగలేదు. ఇంటికి వెళ్ళాక మామ్మను నిలదీశాను. పెట్టినదానికి వంక పెట్టకూడదని నువ్వే కదా చెప్పావు, పదిమందిలో మా పరువు తీశావు, అన్నాను. మామ్మ గోడకి చేరబడి, చెవి వెనక చుట్టను తీసి, వెలిగించకుండా చేతిలోనే తిప్పుతూ చెప్పింది.

"మనకి పెడితే వంక పెట్టకూడదే. మన నోరు మన సొంతం, సర్దుకుంటాది. ఇది పసిగుంటల నోట్లో ఎట్టేది. దీన్ని సూసి జావ ఆపేత్తారట. గొంతు పట్టేసి ఆళ్ళు తినకపోతే పొద్దున్నకి పస్తే గదా! ఏటైనాదో సెప్పడానికి ఆళ్ళకి మాటలొచ్చా? ఆళ్ళ తరపున మనం సెప్పకపోతే ఎవులు సెప్తారు?"

 కానీ అప్పటికీ సిగ్గు మామ్మ మీదే ఉంది, నా మీదకి ఇంకా తిరగలేదు. అది తిరిగింది మర్నాడు పొద్దున్న.

ఆ రాత్రే అక్క వచ్చి, జీడిపండ్ల కాలం అయిపోయేలోపు మళ్ళీ ప్రయత్నిస్తానని, ప్రతి వాయీ ముందుగా మామ్మే రుచి చూడాలని అడిగి వెళ్ళింది. పొద్దున్న నేను పెరట్లోకి వెళ్ళేసరికి మామ్మ నూతి గట్టు దగ్గర ఒంగుని నోట్లో ఉప్పునీళ్ళు పోసుకుని పుక్కిలిస్తోంది. ఉమ్మి, మళ్ళీ పోసుకుని, వేలితో నాలిక గీసుకుంది. ఏం చేస్తున్నావని అడిగాను.

"అడ్డపొగ నోరన్నారు గదే. నిజమే కావొచ్చు. నిన్న సందేల నుంచి కాల్చనేదు. పిల్ల కట్టపడి చేసుకుంటాది, నా నోటి మూలాన పాడవకూడదు" అంది. కోపంగా అనలేదు. ఆ మాటకి నేను నవ్విన సంగతి ఎత్తలేదు.

ఆ క్షణంలో నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. చుట్ట లేకపోతే మామ్మకి పొద్దు గడవదు. చేతులు వణికేవి, చిన్నదానికీ పెద్దదానికీ విసుక్కునేది. అయినా ఆ వేసవి అంతా, రుచి చూసే రోజున అది పూర్తిచేసేదాకా చుట్ట ముట్టలేదు. ఉప్పునీళ్ళ చెంబు తెచ్చి ఇవ్వడం నేను అలవాటు చేసుకున్నాను. నన్ను క్షమించమని అడగడానికి మాత్రం నోరు రాలేదు. చెంబు అందించి తల దించుకునేదాన్ని.

అక్క ఏవేవో చేసింది. ముక్కలు ఉప్పునీళ్ళలో నానబెట్టింది. ఆవిరి పట్టించింది. గంజి కలిపితే ఆ వగరు అడుక్కి దిగుతుందని మేడం ఉత్తరం రాస్తే అదీ చేసింది. ఎక్కువ వేడి చేస్తే విటమిన్ పోతుంది, తక్కువ చేస్తే గొంతు పడుతుంది. ఆ రెండింటి మధ్య పాపం ఆమె నలిగిపోయింది. వాయి తరవాత వాయి మామ్మ నమిలి, "కొంచెం తగ్గినాదమ్మా, ఇంకా ఉంది" అనేది. అక్క ఇప్పుడు మొహం చిన్నబుచ్చుకునేది కాదు. "నాలిక మీదా, గొంతులోనా మామ్మగారూ?" అని అడిగేది. మామ్మ కళ్ళు మూసుకుని వెతికి మరీ చెప్పేది. పండ్లు అరుదైపోతున్న రోజుల్లో ఒక పొద్దున్న మామ్మ ఉండ నమిలి మింగింది.  అక్క ఏమీ అడగకముందే మామ్మ చెయ్యి చాపి, "ఇంకోటి ఇయ్యమ్మా" అంది. అక్క నవ్వుతూనే ఏడ్చేసింది.

ఆ ఉండలు జావకు బదులుగా కాక, జావతో పాటు బాల్వాడీకి వెళ్ళాయి. ఆ మార్పు అక్కే అడిగి చేయించింది. తరవాత పెళ్ళయి ఆమె వేరే ఊరు వెళ్ళింది. మామ్మ ఎప్పుడో పోయింది. పోయేలోపు ఆ నవ్వు గురించి ఒక్క మాట చెప్పాలని ఎన్నోసార్లు ఆమె మంచం దగ్గర కూర్చున్నాను. వాతావరణం గురించి మాట్లాడి లేచి వచ్చేదాన్ని.

ఇప్పుడు మా మనవరాలు ఫుడ్ టెక్నాలజీ చదువుతోంది. మొన్న సెలవులకి వచ్చి, జీడిపండు పొడి, చిరుధాన్యాలు, మునగాకు కలిపి చేసిన బార్ ఒకటి రంగుల కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. "ఎలా ఉందో చెప్పు అమ్మమ్మా, స్కూలు పిల్లలకి ఇద్దామనుకుంటున్నాం" అని ఫోన్ పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. బాగుందనడం ఎంత తేలికో! నేను లేచి కుళాయి దగ్గరకి వెళ్ళి, గ్లాసు నీళ్ళలో ఉప్పు వేసుకుని పుక్కిలించాను. అది వింతగా చూసింది. బార్ కొరికి, కళ్ళు మూసుకుని వెతికి, "గొంతులో పడుతోందే" అన్నాను. మూతి ముడిచి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తుంది, నాకు తెలుసు. నేను ఎదురుచూస్తాను.

నాకు చుట్ట అలవాటు లేదు. ఆ ఉప్పునీళ్ళు దేన్ని కడగడానికో మనవరాలికి ఇంకా చెప్పలేదు. ఆ రోజు వసారాలో నేను గట్టిగా నవ్విన నవ్వు, ఎన్నిసార్లు పుక్కిలించినా, నా నోట్లో అలాగే ఉంది.