అత్తమ్మ ఒప్పుకోని ముగింపు

మా అత్తమ్మ పోయింది. పొద్దున్నే ఫోన్ వచ్చింది. నాన్నకు సొంత అక్క. ఆర్మూరు మార్కెట్ యార్డు వెనక ఇల్లు. దవాఖానకు తీసుకుపోదామని ఆటో పిలిచేలోపే ప్రాణం పోయిందట.

పోయినవాళ్లను అందరూ కలిసి దేవతలను చేసేస్తారు. అత్తమ్మకు ఆ అన్యాయం జరగకూడదనే ఇది రాస్తున్నాను.

మామ చనిపోయినప్పుడు పదో రోజున తమ్ముడు పుట్టింటి చీర తేవాలి. అత్తమ్మ సాయంత్రం దాకా వాకిలి వైపే చూసింది. తమ్ముడు రాలేదు. ఆ రోజు మార్కెట్లో పసుపుకు మంచి ధర పలుకుతోందని ఆగిపోయాడు. ఆ తమ్ముడు మా నాన్నే. మర్నాడు తెచ్చిన చీరను ఆమె ముట్టలేదు, మళ్లీ ఆయనతో మాట్లాడనూ లేదు. నేను వెళితే మాత్రం కొసరి కొసరి తినిపించేది. "మీ బాపు మీది కోపం నీ కంచంల ఎందుకు సూపిస్త బిడ్డా?" అనేది.

చదువు రాదు గానీ కథలంటే ప్రాణం. ఆమె పసుపు కొమ్ములూ దుంపలూ వేరు చేస్తుంటే నేను పక్కన కూర్చుని నవలలు చదివి వినిపించేదాన్ని. ఒక నవలలో అక్క, తనను మోసం చేసిన తమ్ముణ్ణి చివరిదాకా క్షమించదు. అతని పిల్లలకు జ్వరమొస్తే మాత్రం పక్కనుండి చాకిరీ చేస్తుంది. అత్తమ్మ చేతిలో కొమ్ములు వదిలేసి, "గా పేజీ మల్ల సదువు" అంది.

ఆ నవల సినిమాగా వస్తే పట్టుబట్టి తీసుకుపోయాను. తెర మీద తమ్ముడు అమాయకుడు, మోసం చేసింది ఎవడో విలన్. అక్కేమో పొగరుబోతు. చివర్లో తమ్ముడి కాళ్లు పట్టుకుని భోరుమంది. హాల్లో అందరూ ముక్కులు చీదుతున్నారు, అత్తమ్మ తప్ప.

బయటికొచ్చాక బజ్జీలు కొనిస్తే తినలేదు. "పుస్తకంల తప్పు తమ్మునిది గదా. సిన్మాకొచ్చెటాళ్లకు అక్కది ఎట్లయింది?"

"జనం ఏడవాలి కదా అత్తమ్మా."

"ఏడిస్తే ఏడ్వనీ. గామెతోని కాళ్లెందుకు పట్టిచ్చిండ్రు? మాఫ్ చెయ్యకుంటె ఆడిది మంచిది కాదా బిడ్డా?"

బజ్జీల పొట్లం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఫోన్ వచ్చిన రోజు నేను వెళ్లేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. నాన్న పుట్టింటి చీర తెచ్చి కప్పాడు. "అన్ని మర్సిపొయ్యి, తమ్ముని చీరతోనే పోతున్నది" అంది ఒకామె కళ్లొత్తుకుంటూ. అచ్చం ఆ సినిమాలాగే. నాకు ఒళ్లు మండి, ఏదో అనబోయాను. నాన్న నా భుజం పట్టుకుని, నాకొక్కదానికే వినబడేలా అన్నాడు.

"అక్క మర్సిపోలే బిడ్డా. ఇయ్యాల ఒద్దని అననీకి లేదు గదా, గందుకే కప్పిన."

నాన్న ఏడవడం అదే మొదటిసారి చూశాను.

పాడె లేచింది. వీధి మలుపులో గాలికి చీర జారింది. నాన్న నడుస్తూనే సర్దాడు. కాస్త దూరం పోయారో లేదో మళ్లీ జారింది. మార్కెట్ గేటు దాటి కనుమరుగయ్యేదాకా ఆయన సర్దుతూనే ఉన్నాడు.