పెద్దాయన పెట్టిన బొటనవేలు

కోతలయ్యాక పొలాల్లో గొర్రెల మంద పెట్టడానికి ఏటా నిడమనూరు నుంచి కోదాడ వైపు తోలుకెళ్తాను. ఎరువు కోసం అక్కడి రైతులే ఫోన్ చేసి పిలుస్తారు. పోయినేడు కూడా ఎప్పుడూ పిలిచే పెద్దాయనే పిలిచాడు. పదేళ్లుగా ఆ ఇంటి అన్నం తిన్నాను. ఆయన మరచినా నేను మరవను.

రెండో రోజు సాయంత్రం మంద చుట్టూ వల కడుతుంటే గట్టు మీద నాలుగు బండ్లు ఆగాయి. ఒకడు ఫోన్ చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోన్ చూశాడు.

"వీడే. గొంగడి గూడ అదే."

అందులో నా ఫొటో ఉంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు గొర్రెల కాపరుల వేషంలో తిరుగుతున్నారని కింద రాసి ఉంది.

"ఈ పొలం పెద్దాయనే పిలిపిచ్చిండు. అడుగున్రి," అన్నాను.

"అడిగేదేముంది? వాట్సాప్ గ్రూపుల ఆయనే ఔనన్నడు. సూడు."

ఫొటో కింద పెద్దాయన పేరు, పక్కన పైకెత్తిన బొటనవేలు. నా చేతికర్రను ఒకడు లాక్కుని కాలువలోకి విసిరాడు. మా కుక్క మొరగడం మానేసి నా కాళ్ల వెనక్కి వచ్చింది.

ఎవరు కబురు చేశారో, పెద్దాయన రొప్పుతూ వచ్చాడు.

"చూసినట్టు పెట్టానయ్యా. గ్రూపులో ఏదొచ్చినా అదే పెడతా. చావు కబురుక్కూడా అదే."

"మంచిగ పెట్టినవ్ తాతా. జర ఆలస్యమైతే ఈయన కబురుకు గూడ పెట్టేటోనివి."

అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు. అది నాకు గుర్తుంది. క్షమించమని ఒక్కరూ అనలేదు. నా కర్ర కోసం ఒక్కరూ కాలువలోకి దిగలేదు. ఫొటో మాత్రం నా ముందే తీసేశారు.

"ఖతం. ఇగ పరేషాన్ గాకు."

"ఇంకా ఏడేడికి పోయింది?" అని అడిగాను.

"నాకేం తెలుసు? నాకూ ఎవలో పంపిన్రు."

ఈ ఏడు పెద్దాయన మళ్లీ ఫోన్ చేశాడు.

"మంద తోలుకొస్తావా?"

"ఆ మనిషి దొంగ కాదు, నేనే పిలిపిచ్చిన అని గ్రూపుల చెప్పినవా పెద్దయ్యా?"

"ఫొటో తీసేశారుగా. ఇంకా ఎందుకులే?"

నేను వెళ్లలేదు.

మొన్న మిర్యాలగూడ బస్టాండులో బస్సు కోసం కూర్చున్నాను. పగటిపూటే. ఎదుటి బల్ల మీది తల్లి ఫోన్ చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఫోన్ చూసింది. ఆడుకుంటున్న బిడ్డను రెక్క పట్టుకుని ఒళ్లోకి లాక్కుంది. తర్వాత పక్కనున్న మగవాళ్ల వైపు ఫోన్ తిప్పింది.

మా బస్సు ఇంకా రాలేదు.