పీపాలో నానిన ఘాటు

డెబ్బైల్లో ఒక మధ్యాహ్నం, బెజవాడ నుంచి చల్లపల్లి వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న మాజీ సైనికుడు సంచిలోంచి పాత రమ్ము సీసా తీసి, మూతలో కాస్త పోసి ఇచ్చాడు. ముందు మాడిన బెల్లం రుచి, వెనకే తడి చెక్క వాసన. గొంతులో మంటే లేదు.

“ఘాటు లేదేంటండీ?” అన్నాను.

“ఎక్కడికి పోద్దండీ? ఏళ్ళ తరబడి పీపాలో ఉంటే లోపలికి దిగిపోద్ది,” అన్నాడు.

ఉయ్యూరులో ఒక పెద్దాయన బస్సెక్కాడు. నా పక్కనున్న సైనికుడు లేచి, ఎంతో మర్యాదగా ఆయనకి నమస్కారం పెట్టాడు.

“ఆనాడు కాలవ నీళ్ళ తగూలో మా అన్నని నరికింది తమరే కదండీ?”

ఆయన నోరు తెరిచేలోపే సీసా ఆయన నెత్తిన పగిలింది. చేతిలో మిగిలిన గాజుముక్కతో అతను పొడుస్తూనే ఉన్నాడు. నా చొక్కా నిండా రక్తమూ రమ్మూ.

కిందికి దూకి ఎంత ఉమ్మినా, నాలుక మీద ఆ తీపి పోలేదు.