అమ్మకానికి తెచ్చిన జొన్నపిండి

ఈ రోజు ప్రొద్దుటూరులో మేము జరిపిన ఆహార పండుగకు రాజుపాలెం నుంచి ఓబులమ్మవ్వ జొన్నపిండి అమ్మడానికి వచ్చింది. రుచి చూపించడానికి పొయ్యి పెట్టించి, ఒక్కొక్కరికి ఒక రొట్టె ముక్క ఇవ్వమని చెప్పాను. ఆమె మాత్రం మనిషికి రెండు రొట్టెలు, మీద చెనిక్కాయల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి, పెడుతోంది.

"అవ్వా, ముక్క చాలు. ఇట్లయితే పిండంతా ఈన్నే అయిపోతాది."

"ముక్క కుక్కకేస్తారు పాపా. మనిషికి కడుపునిండా పెట్టల్ల."

మధ్యాహ్నానికి తిన్నవాళ్లంతా పిండి కొనడానికి వరుస కట్టారు. సంచి ఖాళీ. అవ్వ ఏమీ నొచ్చుకోకుండా, "ఆదివారం మా ఇంటికి రాండప్పా, పిండి పట్టించి పెడ్తా. రొట్టె తిని పోదురు" అంది.

ఆదివారం వెళ్లేవాళ్లు దయచేసి మీ ఇంట్లోనే తిని వెళ్లండి. ఈసారైనా ఆమె పిండి అమ్ముడుపోవాలి.