స్తోత్రం చెప్పి కుక్కకు పెట్టిన అన్నం

మా అమ్మ నన్ను బడికి పంపలేదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని, బైబిలు మీద నా వేలు పట్టి తనే అక్షరాలు నేర్పింది. నేను పెద్దదాన్నయ్యాక, ఆ అమ్మే నా అన్నంలో విషం కలుపుతోందని ఒక గొంతు నాకు చెప్పడం మొదలుపెట్టింది. దమ్మపేట దగ్గర మా ఊళ్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. పళ్లెం ముందు కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పేదాన్ని. అమ్మ అటు తిరగ్గానే అన్నం కుక్కకు పెట్టేదాన్ని. అరటిపండు, ఉడికించిన గుడ్డు తినేదాన్ని. తొక్క లోపలికి ఎవరూ ఏమీ కలపలేరు కదా. చిక్కిపోయిన చేతులకు గాజులు మోచేతి దాకా జారేవి.

ఖమ్మం దవాఖానాలో స్కిజోఫ్రెనియా అన్నారు. మాత్రలిచ్చారు. శనివారాలు మాలాంటి ఆరుగురిని గుండ్రంగా కూర్చోబెట్టి ఒక నర్సమ్మ మాట్లాడించేది. వారం ఎలా గడిచిందంటే నేను చర్చిలో సాక్ష్యం చెప్పినట్టు లేచి నిలబడేదాన్ని. "దేవుని కృప వల్ల బాగున్నాను." అంతే. బాగాలేదంటే ఆయన మేలు మరిచినట్టవుతుందని భయం.

మా ఆరుగురిలో ఒకడు, పెనుబల్లి వైపు నుంచి వచ్చే ముసలి రైతు, ఓ శనివారం ఊరుకోలేదు.

"ఈమెకు వారం వారం బాగే ఉంటదట. మరి గిక్కడికెందుకొస్తున్నట్టు, మమ్ముల జూసి పోనీకా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి ఏడ్చేశాను.

"అన్నంల విషముందని గొంతు చెప్తది పెద్దయ్యా. మా అమ్మే కలుపుతదట."

తలుపు దగ్గర అన్నం డబ్బా పట్టుకుని నిలబడ్డ అమ్మ అక్కడే కూలబడింది.

"గొంతు చెప్పింది సరే, నీ కళ్లేం చూసినయ్?" అంది నర్సమ్మ.

ముసలాయన గొంతు తగ్గించాడు. "నాకు మా కోడలి మీద గట్లనే ఉండె బిడ్డా. బియ్యం కడిగేకాడ్నుంచి గంజి వంచేదాక పొయ్యికాడ్నే కూసున్న. నువ్వూ కూసో."

"గొంతు ఆగిందా?"

"యాడాగుద్ది? అది అరుస్తనే ఉంటది. నేను తింటనే ఉంట."

ఆ సాయంత్రం పొయ్యి పక్కన కూర్చున్నాను. బియ్యంలో చెయ్యి పెట్టే ముందు అమ్మ రెండు అరచేతులూ తిప్పి నాకు చూపించింది. ఆ చేతుల్ని అలా చూడాల్సి వచ్చినందుకు చచ్చిపోవాలనిపించింది. గొంతు ఆగలేదు. నాలుగు ముద్దలు తిన్నాను. ఐదోది దిగలేదు. మిగిలిన అన్నం అమ్మ నా పళ్లెంలోనే కలుపుకుని తిన్నది.

స్తోత్రం ఆ రోజు తిన్నాక చెప్పాను, నాలుగు ముద్దలకు మాత్రమే.