తడి చేతులకు పాఠం చెప్పిన వసంతక్క

నిన్న ఫస్ట్ పీరియడ్‌లో ఉన్నాను. హెడ్‌మాస్టర్ గారు వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయారు.

"వసంత మేడం పోయినారంట సార్."

ఏ వసంత మేడం అని అడిగాను.

మా స్కూల్లో ఉన్నది ఒక్క వసంత మేడమే.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. వసంతక్క తోటపల్లి గూడూరు మండలంలో మా హైస్కూల్ బయాలజీ టీచర్. నేను లెక్కల టీచర్ని. ఎనిమిదేళ్ళు ఒకే స్టాఫ్ రూమ్. ఏడాదిగా గొంతు క్యాన్సర్. నిన్న ఉదయం నెల్లూరు ఆసుపత్రిలో వెళ్ళిపోయింది.

టీచర్లకు ఆన్‌లైన్ ట్రైనింగ్ పెడితే మేమంతా వీడియో ఆన్ చేసి మా పనులు చూసుకునేవాళ్ళం. అక్క మాత్రం నోట్స్ రాసుకునేది. క్విజ్ తయారుచేసే వెబ్‌సైట్ అయినా, బొమ్మల మీద మాట రికార్డ్ చేసేదైనా, కొత్తది ఏది కనిపించినా అందులో దూరిపోయేది. ఏదో ఒకటి చెడగొట్టుకుని నా దగ్గరికి వచ్చేది.

"అబ్బయ్యా, చేసిందంతా పోయినాది. కాస్త చూడు."

నేను విసుక్కున్న రోజులు కూడా ఉన్నాయి. నిన్నటి నుంచి ఆ రోజులే గుర్తొస్తున్నాయి.

సముద్రం ఒడ్డున ఒక పాళెంలో కామాక్షి అని ఒకామె ఉంది. భర్త చేపల వేటకు వెళ్తాడు. ఆమె రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. ఊళ్ళో అంగన్‌వాడీ పోస్టు పడుతుందన్నారు. దానికి పది పాసై ఉండాలి. కామాక్షి చదువు తొమ్మిదితోనే ఆగిపోయింది.

ఆమె చేత, ఇంకో ఆరుగురి చేత ఓపెన్ టెన్త్ కట్టించింది అక్క.

లైవ్ క్లాసులు పెట్టింది. పాళెంలో సిగ్నల్ నిలవదు. వీడియోలు చేసి పంపింది. క్విజ్‌లు పంపింది. ఎవరూ తెరవలేదు.

కామాక్షి పరీక్ష రాసింది. సైన్స్ పోయింది. అక్క చెప్పిన సబ్జెక్టే.

ఆ రోజు అక్క క్యారియర్ కూడా తెరవలేదు.

"టూల్ బాగానే ఉండాది అబ్బయ్యా. ఆమెకి రోజెట్టా గడస్తాదో నేనే చూడలా."

తర్వాతి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళింది. బల్లల ముందు వరసగా నిలబడిన ఆడవాళ్ళు. ఐసు నీళ్ళలో చేతులు. ప్లాస్టిక్ కవర్లలో చుట్టి నడుముకు దోపుకున్న ఫోన్లు.

పాఠాలు ఎందుకు చూడలేదని అక్క అడిగితే కామాక్షి రెండు చేతులూ పైకెత్తి చూపించింది. వేళ్ళన్నీ నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఈ చేతుల్తో ఫోనెట్టా నొక్కేది మేడమా? ఇంటికి పోయినాక కూసుంటే నిద్రే."



నాలుగు రోజుల తర్వాత అక్క ఆడియో పాఠాలు తయారుచేసే సైట్ ఒకటి పట్టుకుంది. సైన్స్ మొత్తం ఐదేసి నిమిషాల ముక్కలు చేసింది. తన గొంతుతో, వాళ్ళ మాటల్లో. ఒకటి అయిపోగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. మధ్యలో ప్రశ్న అడిగి కాసేపు ఆగుతుంది, తర్వాత జవాబు చెప్తుంది. ఒక్కసారి ఫోన్‌లోకి ఎక్కించుకుంటే చాలు. ముట్టుకోనక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు.

షెడ్డులో స్పీకర్ పెట్టుకుని విన్నారు. ప్రశ్న రాగానే రొయ్యలు ఒలుస్తూనే అందరూ ఒక్కసారిగా జవాబు చెప్పడం నేను కళ్ళారా చూశాను.

రెండోసారి కామాక్షి పాసైంది. ఈలోపు పోస్టు వేరే ఆమెకు వెళ్ళిపోయింది. అక్క ఏడ్చింది. కామాక్షే సర్దిచెప్పింది.

"పోనీలే మేడమా, మళ్ళా పడతాది. పాసైంది మాత్రం నాదే గదా."

మరుసటి ఏడాది పదకొండు మంది చేరారు. పుస్తకంలో పాఠాలు మారాయి. సగం మళ్ళీ రికార్డ్ చేయాలి. అప్పుడే అక్కకి గొంతు బొంగురుపోవడం మొదలైంది. చెన్నైలో చూపిస్తే స్వరపేటిక తీసేయాలన్నారు.

నేను తెలివిగా ఒక పని చేశాననుకున్నాను. మన గొంతు కాస్త వినిపిస్తే, రాసిందంతా ఆ గొంతుతోనే చదివే ఏఐ టూల్ ఒకటి దొరికింది. ఒక నిమిషం పాఠం చేసి అక్కకి వినిపించాను.

మళ్ళీ వినిపించమంది. విన్నది.

"అచ్చం నా మాదిరే ఉండాది. నేననని మాట కూడా అనేస్తాది గదా ఇది. వాళ్ళు నన్ను నమ్మి పరీక్ష రాస్తారు అబ్బయ్యా. రేపు నేను లేనప్పుడు ఇది తప్పు చెప్తే ఎవురు దిద్దేది? వద్దు. చేయబాక."

ఆపరేషన్‌కు ముందు తొమ్మిది రోజులు, వేడినీళ్ళు పక్కన పెట్టుకుని తనే రికార్డ్ చేసింది. చివరి పాఠాల్లో దగ్గు వినిపిస్తుంది. కట్ చేస్తానంటే వద్దంది.

రెండు పాఠాలు మిగిలిపోయాయి.

ఆపరేషన్ తర్వాత ఫోన్‌లో రాసి చూపించింది. "ఆ రెండూ నువ్వు చెప్పు. లెక్కల మాదిరి గబగబా చెప్పబాక."

సరేనన్నాను. నాలుగు నెలలైంది. చెప్పలేదు. పరీక్ష పేపర్లు, డ్యూటీలు, ఈ ఆదివారం, వచ్చే ఆదివారం. నిజం చెప్పాలంటే, ఆవిడ గొంతు తర్వాత నా గొంతు రావడం నాకు ఇష్టం లేదు. నేను మొదలుపెడితే ఆవిడది అయిపోయినట్టే అనిపించేది.

నిన్న సాయంత్రం, అక్కని తీసుకెళ్ళే ముందు పాళెం వాళ్ళు వచ్చారు. షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నారు. కామాక్షి అక్క పాదాలు పట్టుకుని కూర్చుండిపోయింది. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగింది.

"సార్, కిడ్నీల పాఠం తర్వాత రెండు లేవని ఆడోళ్ళు అంటా ఉండారు. మేడం బాగైనాక చెప్తాదిలే అని మేమే అడగలా."



ఈరోజు స్కూల్‌కి సెలవు పెట్టాను. ఆ రెండిట్లో మొదటి పాఠం రికార్డ్ చేశాను. నాలుగుసార్లు ఆగిపోయాను. బాగా రాలేదు. కానీ నిదానంగానే చెప్పానక్కా.

చాలా నొప్పి పడ్డావు. ఇక ఏ నొప్పీ లేని చోట హాయిగా ఉండు.

వెళ్ళిరా అక్కా.